వాలుతాడు, తూగుపట్టె, బుడగ బంతి: ఒక ఆటగది తయారీ డైరీ

పని మొదలు

పాత బల్లలు, అట్టపెట్టెలు పేర్చి ఉంచిన పెద్ద గది ఒకటి ఖాళీ అయింది. దాన్ని చిన్నపిల్లల ఆటగదిగా మార్చే పని మాకు అప్పగించారు. మేము అంటే నేను, తరగతి టీచరు, అప్పుడప్పుడు వచ్చి సలహా చెప్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్సకురాలు), చెక్కపని తెలిసిన ఒక మేస్త్రీ. పిల్లలు ఎనిమిది మంది, ఐదు నుంచి ఎనిమిదేళ్ళ మధ్యవాళ్ళు. ఒకరికి అక్షరాలు గుర్తుండవు. ఒకరికి ధ్యాస నిలవదు. ఒకరికి మాట ఆలస్యంగా వచ్చింది. ఒక పాపకు డౌన్ సిండ్రోమ్ ఉంది. పేర్లు రాయడం సబబు కాదు కనుక ఈ డైరీలో వాళ్ళను వాళ్ళకు ఇష్టమైన వాటితోనే పిలుస్తాను: రైలు, గంట, నెమలి, చుక్క. మిగిలిన నలుగురి సంగతి సందర్భం వచ్చినప్పుడు.

"చదువే కష్టంగా ఉన్న పిల్లలకు ఆటలకు సమయం ఎక్కడిది?" అని అడిగినవాళ్ళున్నారు. చదువులో వెనకబడితే మొదట కోత పడేది ఆటల పీరియడుకే. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. అక్షరాలతో తంటాలు పడే పిల్లల్లో చాలామందికి ఒంటి కదలికలతోనూ తంటాలే. కదలికల్లో పొందిక కుదరని ఈ ఇబ్బందిని వైద్యులు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. బడి వయసు పిల్లల్లో నూటికి ఐదారుగురికి అది ఉంటుందని అంచనా. వాళ్ళలో దాదాపు సగం మందికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం కూడా ఉంటుంది. చదవడంలో ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా తోడు రావడమూ మామూలే. బంతి పట్టలేని పిల్లవాడూ, పేరా చదవలేని పిల్లవాడూ చాలాసార్లు ఒక్కడే. అతణ్ణి తరగతిలో అదనంగా కూర్చోబెట్టి, ఆట దగ్గర గట్టు మీద కూర్చోబెడితే ఇక ఆ పిల్లవాడు నెగ్గే చోటు ఏది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలి. వైకల్యాలున్న పిల్లలకూ అదే 60 నిమిషాలని అందులో విడిగా రాసి ఉంది. ఐదేళ్ళ లోపువాళ్ళకు అదే సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇంకా పెద్దది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి. ఈ అంకెలను ఒక కాగితం మీద పెద్దగా రాసి గది తలుపుకు అంటించాను. అడిగినవాళ్ళకు చూపించడానికి.

ఏ సామానూ గీయకముందు ప్రతి బిడ్డనూ, వాళ్ళ ఇంటివాళ్ళనూ ఒకే ప్రశ్న అడిగాము: "ఏం చేయగలిగితే బాగుంటుంది?" రైలు వెంటనే చెప్పాడు, "అన్నయ్యవాళ్ళు నన్ను బంతాటలో చేర్చుకోవాలి." గంట వాళ్ళమ్మ కోరిక మెట్ల గురించి. వాడు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఆగుతాడు, వెనకవాళ్ళు తోసుకుపోతారు. నెమలి మాటల్లో చెప్పలేదు, లేచి ఒంటికాలిపై గెంతబోయి గోడ పట్టుకుంది. చుక్క ఏమీ అనలేదు. వాళ్ళ నాయనమ్మ మాత్రం, "పదిమందిలో నిలబడితే చాలమ్మా" అన్నారు. ఈ నాలుగు కోరికలే ఈ గదికి నక్షా.

ముందు చూడడం

తయారీ మొదలుపెట్టేలోపు పిల్లలను ఖాళీ గదిలో ఊరికే ఆడనిచ్చి గమనించాము. ఎక్కడ చూడాలో తెలియడానికి పిల్లల కదలికలను అంచనా వేయడానికి డేల్ ఉల్‌రిచ్ రూపొందించిన టీజీఎండీ-3 అనే పరీక్షలోని పదమూడు నైపుణ్యాల పట్టికను దగ్గర పెట్టుకున్నాము. అందులో ఆరు చోటు మారే కదలికలు: పరుగు, గుర్రపు దౌడు, ఒంటికాలి గెంతు, ఎగురుతూ నడవడం, ముందుకు దూకడం, పక్కకు జారుతూ కదలడం. మిగిలిన ఏడూ బంతితో చేసే పనులు. మార్కులు వేసే ఉద్దేశం లేదు. ఆ పరీక్షను శిక్షణ పొందినవాళ్ళు, పద్ధతి ప్రకారమే పెట్టాలి.

రైలు అందరికంటే వేగంగా పరుగెత్తుతాడు. కానీ ఆగలేడు. గోడే అతనికి బ్రేకు. ఆగడం కూడా నేర్చుకోవలసిన పనేనని మనం సాధారణంగా అనుకోము. వేగం తగ్గించాలి, మోకాళ్ళు వంచాలి, బరువు వెనక్కి తీసుకోవాలి, ఇవన్నీ ఒక్క క్షణంలో జరగాలి. గంట రెండు కాళ్ళతో దూకుతున్నాను అనుకుంటాడు. పక్కనుంచి చూస్తే ఒక కాలు ముందు లేస్తుంది, రెండోది దాని వెనక లేస్తుంది. నెమలికి ఆరేళ్ళు. ఒంటికాలి మీద కాసేపు నిలబడడం మూడేళ్ళకూ, గెంతడం నాలుగేళ్ళకూ చాలామంది పిల్లలకు వచ్చేస్తుంది. ఆమెకు ఇంకా గోడ కావాలి.

చుక్కను గమనించడం నాకు ఎక్కువ నేర్పింది. ఆ పాప భయపడుతోందని అందరూ అనేవారు. కాసేపు చూస్తే తెలిసింది, తాను ఎప్పుడూ ఇంకొకరు చేసేదాకా ఆగి, ఆ తర్వాత సరిగ్గా అలాగే చేస్తుంది. భయమే ఉంటే ఇంకొకరు చేసిన తర్వాతా వెనకాడేది. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మనసులో కట్టుకోవడం కష్టమై ఆ వరుసను పక్కవాళ్ళ నుంచి అరువు తెచ్చుకుంటోంది. ఈ సంగతి తెలిశాక గదిలో ప్రతి ఆటకూ బొమ్మల వరుస ఉండాలని తీర్మానించాము.

నేల గీతలు

మొదట రంగు టేపు, లావు తాడు, సుద్దముక్కలు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత పని చేసేది మరొకటి లేదు. నేల మీద 30 సెంటీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీసి వాటి మధ్య "బాట" అన్నాము. రైలు దాన్ని వెంటనే పట్టాలుగా మార్చేశాడు, మంచిదే అయింది. స్టేషన్లు గీశాము. స్టేషను గీత దగ్గర ఆగాలి, కూత వేయాలి, మళ్ళీ బయలుదేరాలి. గోడను గుద్దుకోకుండా ఆగడం ఈ ఆటలోనే మొదలైంది. "మెల్లగా పరుగెత్తు" అని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడనిది, ఆగవలసిన చోటు కంటికి కనబడగానే పట్టుబడింది.

తాడును నేల మీద వంకరటింకరగా పరిచి చెప్పులు లేకుండా దాని మీద నడవడం మరో ఆట. అరికాలి కింద తాడు తగులుతుంటే చూడకుండానే దారి తెలుస్తుంది. మామూలుగా ఈ పిల్లలు అడుగు వేసిన ప్రతిసారీ కిందికే చూస్తారు. తల వంగితే నడుమూ వంగుతుంది, తూగు, అంటే పడిపోకుండా నిలిచే సమతూకం, ఇంకా చెదురుతుంది. అందుకని తాడు చివర, వాళ్ళ కంటి ఎత్తులో గోడకు ఒక బొమ్మ అంటించి రోజూ మార్చాము. ఈరోజు ఏ బొమ్మ ఉందో చెప్పాలంటే తల ఎత్తక తప్పదు.

తొక్కుడుబిళ్ళ గళ్ళు కూడా గీశాము. నెమలి కోసం ప్రతి గడిలోనూ రెండు పాదాల ముద్రలు. ఒంటి పాదం గళ్ళు తర్వాత వస్తాయి.

తూగుపట్టె

పిల్లలు నడిచే సన్నని చెక్కపట్టె. జిమ్నాస్టిక్స్ పోటీల్లో వాడే పట్టె 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు. మాకు ఎత్తు అక్కర్లేదు. పక్కకు అడుగు పడితే నేల వెంటనే అందాలి. కాబట్టి 8 సెంటీమీటర్ల ఎత్తు, 2 మీటర్ల పొడవు చాలనుకున్నాము. వెడల్పు మాత్రం మూడు రకాలు కావాలి: 20, 15, 10. మేస్త్రీ ఒక మంచి ఆలోచన చెప్పాడు. మూడు వేర్వేరు సామాన్లు చేయడం ఎందుకు, కాళ్ళు ఒకే జత చేసి వాటిలో గాడి తీస్తే ఏ పలక కావాలంటే అది దింపవచ్చు కదా అన్నాడు. అలాగే చేశాము. గాడి 20 సెంటీమీటర్లు ఉంటుంది, సన్న పలకలకు రెండు వైపులా చెక్కముక్కలు బిగిస్తాము.

"ఇంత పొట్టి పట్టెకు ఇంత లావు కాళ్ళు ఎందుకమ్మా?" అని అడిగాడు.

"అది ఒక్కసారి కదిలినా ఈ పిల్లలు మళ్ళీ ఎక్కరు మేస్త్రీ" అన్నాను. ఇంకేమీ అడగకుండా మధ్యలో మూడో కాలు కూడా వేశాడు. పలక వంగకుండా ఉండడానికి అది కావలసిందే.

అంచులు గుండ్రంగా చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాము. చేతితో ఎటు తడిమినా పేళ్ళు తగలకూడదు. పై భాగానికి వార్నిష్ వేయలేదు, వేస్తే జారుతుంది. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు, రెండు పక్కలా చాపలు. మరలు అన్నీ అడుగు నుంచే బిగించాడు, పైన ఇనుము కనబడదు.

చేయి పట్టుకొని నడిపించడం గురించి థెరపిస్టు ఒక మాట చెప్పారు, అది నా పద్ధతినే మార్చింది. మనం చేయి అందిస్తే పిల్లలు తమ బరువును మన మీద వేస్తారు. అప్పుడు తూగేది మనమే, వాళ్ళు కాదు. దానికి బదులు ఒక పొట్టి కర్రను వాళ్ళ ముందు అడ్డంగా పట్టుకోమని ఇచ్చి, మధ్యలో మనం రెండు వేళ్ళతో పట్టుకోవాలి. కొన్నాళ్ళకు ఒక వేలు. తర్వాత కర్ర పిల్లల చేతిలోనే ఉంటుంది, మన వేలు ఉండదు. ఈ మార్పు జరిగిందని వాళ్ళకు తెలియను కూడా తెలియదు.

తూగుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరుగుతోందో చెబుతాయి, కండరాలూ కీళ్ళూ ఒంటి భాగాలు ఎక్కడున్నాయో చెబుతాయి, కళ్ళు చుట్టూ ఉన్నదాన్ని చెబుతాయి. చిన్నపిల్లలు ఎక్కువగా కళ్ళ మీదే ఆధారపడతారు. అందుకే పట్టె మీద నేరుగా నడవడం వచ్చాక ఆగి పక్కకు చూడడం, గింజల సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చడం, వెనక్కి ఒక అడుగు వేయడం లాంటివి చేర్చాలి. ఎత్తు పెంచవలసిన అవసరమే లేదు.

అమ్మలు అడిగే ప్రశ్న

గంట వాళ్ళమ్మ పట్టెను చూసి అడిగారు, "టీచరుగారూ, దీని మీద నడిస్తే వాడికి చదువు వస్తుందా?"

రాదు. ఇదే చెప్పాను, నొప్పించకుండా చెప్పడానికి ప్రయత్నించాను. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం ఈ పని మొత్తంలో నాకు అన్నింటికంటే ముఖ్యం. తల్లిదండ్రుల ఆశ మీద వ్యాపారం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

తూగు, చేతికీ కంటికీ మధ్య పొందిక బాగుపడితే చదువు దానంతట అదే బాగుపడుతుందన్న నమ్మకం 1960లలో బాగా వ్యాపించింది. తరగతి గదుల్లోకి తూగుపట్టెలు అప్పుడే వచ్చాయి. 1983లో కెన్నెత్ కవేల్, డెన్నిస్ మాట్సన్ అలాంటి శిక్షణ మీద జరిగిన 180 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. చదువు మీద దాని ప్రభావం దాదాపు శూన్యమని తేలింది. జీన్ ఎయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో వివరంగా ప్రతిపాదించిన సెన్సరీ ఇంటిగ్రేషన్ (ఇంద్రియాల కబుర్లను కలిపి వాడుకోవడం నేర్పే) పద్ధతి నేటికీ చాలా చోట్ల వాడుకలో ఉంది. ఇంద్రియాల నుంచి వచ్చే కబుర్ల గురించి ఆమె గమనించినవి మాలాంటివాళ్ళకు ఎంతో ఉపయోగపడ్డాయి. అయినా ఆ చికిత్స ఫలితాలపై పరిశోధన పరిమితంగానే ఉందనీ, తేల్చి చెప్పేంత లేదనీ, ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలనీ అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2012లో ప్రకటించింది. కుడి చేత్తో ఎడమ మోకాలు తాకితే మెదడులోని రెండు సగాలూ కలుస్తాయనే మాట కూడా తరచూ వింటాము. ఆ రెండు సగాలనూ కలిపే నాడీపోగుల వంతెన పుట్టుకతోనే ఉంటుంది. మోకాలు తాకడం మంచి వ్యాయామమే, అంతవరకే.

మరి కదలికకు చదువుతో సంబంధమే లేదా? ఉంది, వేరే దారిలో ఉంది. చార్లెస్ హిల్మన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది పదేళ్ళ పిల్లలు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిచిన తర్వాత ధ్యాస పరీక్షలోనూ, చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ, ఊరికే కూర్చున్న రోజు కంటే మెరుగ్గా చేశారు. మాథ్యూ పాంటిఫెక్స్ బృందం 2013లో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లోనూ అలాంటి ఫలితమే చూసింది. ఇవి చిన్న అధ్యయనాలు, ఒక్కపూట ప్రభావం గురించినవి. వాటి నుంచి మేము తీసుకున్నది ఒక్కటే: ఆటగది సమయాన్ని సాయంత్రం నుంచి తీసి చదవడం పాఠానికి ముందు పెట్టాము. అక్షరాలు మాత్రం అక్షరాలు నేర్పే పద్ధతిలోనే, ధ్వనులను విడదీసి కలిపి చదివించే పాఠంలోనే వస్తాయి. ఆ పాఠానికి బదులు ఆటగది అని ఎవరైనా అంటే నేనే అడ్డుపడతాను.

ఇదంతా విన్నాక గంట వాళ్ళమ్మ, "అయితే మెట్లు దిగడం వస్తుందా?" అన్నారు. "అది నేర్పుతాను" అని మాట ఇచ్చాను.

బుడగ బంతి

బంతి పట్టడం ఎందుకు కష్టం? బంతి ఎటు వస్తుందో చూడాలి, ఎప్పుడు చేరుతుందో అంచనా కట్టాలి, చేతులు అక్కడికి తేవాలి, సరైన క్షణంలో మూయాలి. బంతి వేగంగా వస్తే వీటిలో మొదటిదానికే సమయం చాలదు. రైలు బంతి వస్తుంటే కళ్ళు మూసుకొని మొహం పక్కకు తిప్పుకుంటాడు. చాలాసార్లు మొహానికి తగిలి ఉంటుంది కదా.

కాబట్టి మెల్లగా పడేవాటితో మొదలుపెట్టాము. ముందు పలచని గుడ్డ: పైకి వేస్తే తేలుతూ దిగుతుంది. తర్వాత బుడగ. అయితే రబ్బరు బుడగ పగిలితే ఆ ముక్కలు చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడి ఊపిరాడకుండా చేస్తాయి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇది నిజమైన ప్రమాదం. అందుకే గుడ్డ తొడుగు కుట్టాము. ఆకు ఆకారంలో ఆరు ముక్కలు కత్తిరించి అంచులు కలిపి కుడితే గోళం వస్తుంది, ఒకచోట చిన్న సందు వదలాలి. బుడగను ఊదకుండా ఆ సందులోంచి లోపలికి పంపి, మూతి బయట పెట్టి ఊది, ముడి వేసి లోపలికి తోసి గుండీ పెట్టాలి. బుడగ పగిలినా ముక్కలు తొడుగులోనే ఉండిపోతాయి. తొడుగు బరువు వల్ల వట్టి బుడగ కంటే కొంచెం వేగంగా, మామూలు బంతి కంటే చాలా నెమ్మదిగా వస్తుంది. మాకు కావలసినది సరిగ్గా ఆ వేగమే. ఒక్కో ముక్కకు ఒక్కో రంగు పెట్టాము. విసిరే ముందు "ఏ రంగు నీవైపు తిరిగిందో చెప్పు" అంటాము. రంగు చెప్పాలంటే కళ్ళు తెరిచే ఉంచాలి.

బుడగ బంతి తర్వాత మెత్తని పెద్ద బంతి, ఆ తర్వాత గింజల సంచి, ఆఖరున చిన్న బంతి. గింజల సంచిది ఒక మంచి గుణం: చేతిలో పడ్డాక ఎగిరిపోదు, వేళ్ళకు అమరిపోతుంది. కుట్టు రెండు వరుసలుగా వేయాలి, లేకపోతే గింజలు బయటికి వచ్చి నోళ్ళలోకి వెళతాయి.

రైలు ఇంకా పెద్ద బంతి దగ్గరే ఉన్నాడు. కానీ మొహం తిప్పుకోవడం మానేశాడు. ఇది రాసుకోవలసిన సంగతి.

వాలుతాడు

ఈ గదిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన వస్తువు ఇదే.

దూకే ఆట సాధారణంగా ఎలా ఉంటుంది? తాడును సమంగా పట్టుకుంటారు, అందరూ దూకుతారు, ఎత్తు పెంచుతారు. తాకినవాళ్ళు అవుటు. మొదట అవుటయ్యేది ఎవరు? ఎక్కువ సాధన అవసరమైనవాళ్ళే. బాగా దూకగలిగినవాళ్ళకు ఇంకా ఇంకా సాధన దొరుకుతుంది, దూకలేనివాళ్ళు కూర్చొని చూస్తారు. వ్యాయామ విద్యలో పేరున్న ముస్కా మోస్టన్ దీనికి 1960లలోనే ఒక సులువైన మార్పు చూపించాడు: తాడును వాలుగా కట్టండి. ఒక చివర నేలకు దగ్గరగా, ఇంకో చివర ఎత్తుగా. ఎవరికి ఎక్కడ దూకాలనిపిస్తే అక్కడ దూకుతారు. ఎవరూ అవుట్ కారు.

మేము మామూలు తాడుకు బదులు సాగే పట్టీ వాడాము, కాలు తగిలితే సాగిపోయి పడదోయకుండా. పొడవు 3 మీటర్లు. ఒక చివర నేల నుంచి 5 సెంటీమీటర్లు, ఇంకో చివర 45. రెండు బరువైన చెక్క స్తంభాలకు కొక్కేలు బిగించి, పట్టీని వాటికి అతుక్కునే వెల్క్రోతో తగిలించాము. ఎక్కువ బలం పడితే అది ఊడిపోవాలే గాని స్తంభం పడకూడదు. పట్టీకి మధ్య మధ్య రంగు గుడ్డముక్కలు కట్టాము, "నిన్న పసుపు దగ్గర దూకాను" అని పిల్లలు తామే చెప్పుకునేలా.

రైలు మొదట ఎత్తు చివరికే పరుగెత్తాడు. పట్టీ ఊడింది. మళ్ళీ అక్కడికే వెళ్ళాడు, మళ్ళీ ఊడింది. నేనూ, తరగతి టీచరూ ఏమీ అనలేదు. అనకుండా ఉండడం తేలిక కాదు. కాసేపటికి తానే ఆకుపచ్చ గుడ్డ దగ్గరికి జరిగి దూకాడు, తర్వాత నీలం దగ్గరికి పోయాడు. తన బలాన్ని తానే కొలుచుకొని చోటు మార్చుకోవడం ఈ పిల్లవాడి విషయంలో అరుదు. ఇంతవరకూ ఆ కొలత ఎప్పుడూ పెద్దవాళ్ళే చెప్పేవారు. గంట దిగువ చివర దగ్గర రెండు కాళ్ళూ కలిపి దూకే సాధన చేస్తున్నాడు. అక్కడ ఎత్తు లేదు కనుక ధ్యాసంతా కాళ్ళు కలిపి లేపడం మీదే పెట్టగలుగుతున్నాడు. నెమలి నేలను దాదాపు తాకే చోట పట్టీని దాటుతుంది, దాటిన ప్రతిసారీ చప్పట్లు తానే కొట్టుకుంటుంది.

అందరూ ఒకేసారి పక్కపక్కన దూకుతారు కనుక వరుసలో నిలబడే బాధ లేదు, ఒక్కరి మీదే అందరి కళ్ళూ పడవు. చుక్క గుంపులో ఎవరూ చెప్పకుండా చేరింది ఇక్కడే.

జాగ్రత్తలు

థెరపిస్టు పట్టుబట్టి రాయించినవి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది. వైద్యుణ్ణి అడగకుండా పిల్లిమొగ్గలు, తల మీద బరువు పడే ఆటలు వద్దు. నడక మారినా, మెడ నొప్పి అన్నా, చేతుల బలం తగ్గినా ఆట ఆపి వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి. గిరగిర తిరిగే ఆటలు బిడ్డ తనంతట తాను తిరిగితేనే, ఆపాలనుకుంటే ఆగగలిగితేనే. మనం తిప్పకూడదు. మొహం పాలిపోయినా, చెమటలు పట్టినా చాలించాలి. మూర్ఛ ఉన్న పిల్లల సంగతి ముందే రాసి పెట్టుకోవాలి.

వాన పట్టిన వారం

బయటికి వెళ్ళలేక అందరూ గదిలోనే ఉన్నారు. రేకుల మీద వాన చప్పుడు, పిల్లల కేకలు. చెవులు మూసుకొని మూలకు చేరే బాబు ఒకడున్నాడు. వాడి కోసం ఒక మూలకు గుడ్డ తెర కట్టి లోపల చాప వేశాము. అది శిక్ష పడే మూల కాదని మొదటి రోజే పెద్దవాళ్ళం ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి కూర్చొని చూపించాము.

బరువు పనులు ఈ వారమే బాగా కలిసొచ్చాయి. పుస్తకాలు నింపిన పెట్టెను నేల మీద తోయడం, చాపలు చుట్టి మోయడం, గోడను రెండు చేతులతో నెట్టడం. ఇలాంటివి చేశాక చాలామంది నెమ్మదిస్తారు. అందరూ కాదు. ఒక పాప ఇంకా హుషారెక్కింది. ఎవరికి ఏది సరిపోతుందో చూసి రాసుకోవడమే మార్గం.

బొమ్మల పలకలు కూడా తయారయ్యాయి. నాలుగు బొమ్మలు వరుసగా: బాట, పట్టె, వాలుతాడు, కూర్చోవడం. అయిపోయిన బొమ్మను తిప్పేస్తాము. చివరి బొమ్మ ఎప్పుడూ కూర్చోవడమే. ఆట ఎప్పుడు అయిపోతుందో ముందే తెలిస్తే ముగింపు దగ్గర ఏడుపులు తగ్గుతాయి. మాట కూడా తగ్గించుకున్నాము. ఒకసారి ఒకే పని చెప్పడం, చెప్పే ముందు చేసి చూపించడం.

మెట్లు

పట్టె మీద తూగు వస్తే మెట్లు వాటంతట అవే వస్తాయని అనుకోలేదు. కదలికల ఇబ్బందులున్న పిల్లల గురించి 2019లో వచ్చిన అంతర్జాతీయ సిఫారసులు కూడా కావలసిన పనినే నేరుగా సాధన చేయించమంటాయి. మెట్లు కావాలంటే మెట్ల దగ్గరికే పోవాలి. కెనడాలో హెలెన్ పొలాటాజ్‌కో, ఆమె సహచరులు తయారుచేసిన పద్ధతిలో బిడ్డకు నాలుగు మాటలు నేర్పుతారు: లక్ష్యం, ఉపాయం, చేయడం, సరిచూడడం. ఇందులోని కీలకం ఏమిటంటే ఉపాయం బిడ్డే కనిపెట్టాలి. మనం ప్రశ్నలు మాత్రమే అడగాలి.

రెండే మెట్లున్న చెక్కపెట్టె చేయించి, ఒక వైపు కమ్మీ పెట్టించాము. గంటను అడిగాను, "నువ్వు దిగుతుంటే ఏమవుతోంది?" ఆలోచించాడు. "రెండో కాలు కూడా అక్కడికే వస్తోంది." "అది ఇంకో మెట్టుకు వెళ్ళాలంటే ఏం చేద్దాం?" చాలాసేపు జవాబు లేదు. తరగతి టీచరు ఏదో చెప్పబోతే ఆగమని సైగ చేశాను. చివరికి వాడే అన్నాడు, "ఈ కాలు టింగ్. ఆ కాలు టాంగ్. టింగ్ ఉన్నచోట టాంగ్ ఉండకూడదు."

గంటలంటే ఇష్టమున్న పిల్లవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఉపాయం అది. నేను ఏ రంగు చీటీలు అంటించినా ఇంత బాగా పనిచేసేవి కావు. పెట్టె మీద కొన్నాళ్ళు ఆ మాటలు గట్టిగా అంటూ దిగాడు, తర్వాత పెదవులు మాత్రమే కదిలాయి. ఇప్పుడు అసలు మెట్ల మీద కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టుకు ఒక్కో కాలితో దిగుతున్నాడు. వెనక ఎవరైనా తొందరపెడితే మాత్రం మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోతాడు. అందుకని అందరికంటే చివర దిగేలా ప్రస్తుతానికి ఏర్పాటు చేశాము.

ఇప్పటికి ఎక్కడున్నాము

నెమలి ఒంటికాలి మీద గోడ పట్టుకోకుండా నిలబడుతోంది. గెంతు ఇంకా రాలేదు. తొక్కుడుబిళ్ళలో మొదటి ఒంటి పాదం గడి గీశాము, దాని పక్కనే పట్టుకోవడానికి ఒక కర్ర నిలబెట్టాము.

చుక్కకు బొమ్మల పలకలు తిప్పే పని అప్పగించాము. ఏది తర్వాత వస్తుందో అందరికంటే ముందు ఇప్పుడు ఆ పాపకే తెలుసు. అయిపోయిన బొమ్మను తిప్పి, తర్వాతి చోటికి తానే ముందు నడుస్తుంది, మిగిలినవాళ్ళు వెనక వెళతారు. వాళ్ళ నాయనమ్మను ఒకరోజు గదిలోకి పిలిచి చూపించాము. ఆవిడ ఏమీ అనలేదు, మా తరగతి టీచరు చేయి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

రైలు సంగతి పూర్తిగా తేలలేదు. పెద్ద బంతిని 2 మీటర్ల దూరం నుంచి పడుతున్నాడు, అన్నల ఆటలోని చిన్న బంతి ఇంకా అందదు. అందాకా ఆగమనడం న్యాయం కాదు, వాడికి ఆట ఇప్పుడే కావాలి. ఆటను మార్చాలంటే స్థలం, పని, పరికరం, మనుషులు అనే నాలుగింటిలో ఏదో ఒకటి మార్చవచ్చని ఈ రంగంలో ఒక తేలిక సూత్రం ఉంది. వాళ్ళ అన్నను పిలిచి మాట్లాడాను. ఏమి మార్చాలో నేను చెప్పలేదు, అతణ్ణే అడిగాను. "మావాడికి బంతి ఒక్కసారి నేల తాకాక పట్టినా అవుటే అని పెడతాం టీచర్" అన్నాడు. పదకొండేళ్ళవాడు. మర్నాడు రైలు వచ్చి ఆటలో జరిగినదంతా చెప్పాడు, ఎవరు గెలిచారో మాత్రం గుర్తులేదన్నాడు.

పని మిగిలే ఉంది. తూగుపట్టె 15 సెంటీమీటర్ల పలకకు ఒక అంచు గరుకెక్కింది, మళ్ళీ ఉప్పుకాగితం పెట్టాలి. బుడగ తొడుగులు ఉతకడానికి ఇంకో జత కుట్టాలి. పక్క తరగతి టీచరు తమకూ వాలుతాడు కావాలన్నారు, వచ్చే వారం స్తంభాలు చేయిస్తాము. ఈసారి కొక్కేలు 60 సెంటీమీటర్ల దాకా పెట్టమని మేస్త్రీకి చెప్పాను. 45 దగ్గర దూకేవాళ్ళు ఇప్పటికే ముగ్గురున్నారు.